ట్రిగ్గరు నొక్కినా పలకని రివెట్ గన్: మంచిది ఏది కొనాలి?

ఆర్వీ పద్నాలుగు: నాలుగు గంటలుగా గ్యారేజీలోనే ఉన్నాను. ఆర్వీ-14 (కిట్ తెచ్చుకుని ఇంట్లో కట్టుకునే చిన్న విమానం) తోక భాగానికి రివెట్లు కొడుతుంటే నా 3ఎక్స్ సైజు గాలి గన్ ఒక్కోసారి ట్రిగ్గరు నొక్కినా పలకడం లేదు. చెక్క సుత్తితో తడితే కదులుతుంది కానీ, ఆ వెంటనే ఒక్కసారిగా విరుచుకుపడి రివెట్ తలల మీద నెలవంక మచ్చలు వేస్తోంది. నాలుగింటిని డ్రిల్లుతో తొలగించాను, ఒక రంధ్రం పెద్దదైంది. ఇంకా పెద్దదైన 4ఎక్స్ గన్ కొనడం మేలా?

పాత హ్యాంగరు: ముందు డాలీ సంగతి చూడాలి. రివెట్ తోక వ్యాసానికి ఒకటిన్నర రెట్లు విచ్చుకుని, సగం వ్యాసమంత ఎత్తున నిలవాలంటే వెనక పట్టుకునే దిమ్మెకు తగినంత బరువుండాలి. మీ డాలీ బరువెంతో మీరు రాయలేదు.

డ్యాలస్ గ్యారేజీ: దానిని ఇక్కడ బకింగ్ బార్ అంటారండి. డాలీ అంటే సామాను తోసుకుపోయే చక్రాల బండి.

పాత హ్యాంగరు: ఇండియాలో మేమందరం డాలీ అనే అన్నాము, విమానాలు బాగానే ఎగిరాయి.

మూడో వంతెన: ఒత్తిడి ఎంత? నూనె ఏది?

ఆర్వీ పద్నాలుగు: కంప్రెసరు మీద 90 పీఎస్‌ఐ చూపిస్తోంది. నూనె వేయాలన్నది అందరికీ తెలిసిందే కాబట్టి రాయలేదు. కారుకు పోయగా మిగిలిన ఇంజను నూనెనే వేస్తున్నాను.

మూడో వంతెన: గన్ మార్చవద్దు, నూనె మార్చండి. చిక్కటి ఇంజను నూనె చలికి ఇంకా చిక్కబడి, దుమ్ముతో కలిసి బంకై పిస్టన్‌ను పట్టేస్తుంది. గాలి గొట్టం ఊడదీసి, గాలి లోపలికి వెళ్ళే మూతి నుంచి కొద్దిగా కిరోసిన్ పోసి, అటూ ఇటూ తిప్పి ఒంపేయండి. ఆ తరువాత సెట్‌ను, అంటే గన్ మూతికి తగిలించి రివెట్ తలను కొట్టే ముక్కను, చెక్క దిమ్మెకు ఆనించి, గాలి వదిలే రంధ్రం మీద గుడ్డ కప్పి, తక్కువ ఒత్తిడితో కాసేపు నడపండి. గ్యారేజీలో గ్యాస్ వాటర్ హీటరు ఉంటే ఈ పని బయట చేయండి. చివరగా గాలి పనిముట్ల కోసం అమ్మే పలుచటి నూనె నాలుగైదు చుక్కలు వేయండి, ఇకపై పని మొదలుపెట్టే ముందు రోజూ అంతే చాలు. కంప్రెసరు తొట్టిలోని నీటిని కూడా వదిలేయాలి. ఇక 90 పీఎస్‌ఐ చాలా ఎక్కువ. 1/8 అంగుళం ఏఎన్470 (గుండ్రటి తల) రివెట్లకు గన్ దగ్గరే రెగ్యులేటరు పెట్టి సుమారు 40తో మొదలుపెట్టి, అంతే మందమున్న పనికిరాని రేకు మీద కొట్టి చూసుకోండి. రెగ్యులేటరు ముల్లు గన్ నడుస్తున్నప్పుడు ఎంత చూపిస్తుందో అదే లెక్క, ఆగి ఉన్నప్పటిది కాదు. సెట్‌ను దేనికీ ఆనించకుండా గాలిలో మాత్రం కొట్టకండి, అది ఎగిరి ఎవరికైనా తగలవచ్చు.

డ్యాలస్ గ్యారేజీ: నూనె తగిలిన ఆ గాలి గొట్టంతోనే ప్రైమరు చల్లకండి, రంగు రేకుకు అంటుకోదు. రంగుకు వేరే గొట్టం ఉండి తీరాలి. నేను ఒక రెక్క రేకు మొత్తం గోకి మళ్ళీ వేయవలసి వచ్చింది.

పాత హ్యాంగరు: పెద్దదైన రంధ్రం సంగతి ఎవరూ పట్టించుకోలేదు. అందులో ఒక సైజు పెద్దదైన 5/32 అంగుళం రివెట్ వేయాలనుకుంటే రంధ్రం నడిమి నుంచి రేకు అంచుకు కనీసం రెండు వ్యాసాల దూరం, అంటే 5/16 అంగుళం, మిగలాలి. అది కొలిచి, కిట్ తయారుచేసినవారిని అడిగాకే వేయండి.

ఆర్వీ పద్నాలుగు: కిరోసిన్ పోస్తే నల్లటి బంక వచ్చింది, ఇప్పుడు పలుకుతోంది. ధన్యవాదాలు. రంధ్రం రేపు కొలుస్తాను.

పాత హ్యాంగరు: డాలీ బరువు ఇంకా చెప్పలేదు.