చపాతీ పిండి రాత్రే కలిపి ఫ్రిజ్‌లో పెట్టడం తప్పా?

హెచ్‌ఎస్‌ఆర్_కోడలు:
మాది బెంగళూరు, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్. ఇద్దరం ఉద్యోగాలు, ఏడున్నరకల్లా పాప స్కూల్ బస్సు. అందుకని చపాతీ పిండి రాత్రే కలిపి డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టేస్తాను. ఒంగోలు నుంచి వచ్చిన మా అత్తయ్యగారు "నిలవ పిండి తామసాహారం, రోగాలొస్తాయి, పైగా పిండిముద్ద ఫ్రిజ్‌లో ఉండటం ఇంటికి మంచిది కాదు" అంటున్నారు. పొద్దున డబ్బా తీసి, పిండి నల్లబడటం కూడా చూపించారు. పాడైనట్టేనా? మీ ఇళ్లలో ఏం చేస్తారు?

గుంటూరు_మావయ్య:
అత్తగారు చెప్పింది నిజమేనమ్మా. గీత పదిహేడో అధ్యాయంలోనే ఉంది: "యాతయామం గతరసం పూతి పర్యుషితం చ యత్". నిలవ ఉన్నది, వాసన పట్టింది తామసులకు ఇష్టమని. పెద్దల మాట చద్దన్నం మూట. పది నిమిషాల పనికి బద్ధకించి దానికి సైన్స్ పేరు పెట్టకండి.

అనంతపురం_బ్రో:
మావయ్యా, చద్దన్నం అంటే నిన్నటి అన్నమే కదా! నిలవ తిండి వద్దని చెప్పడానికి ఆ సామెతే దొరికిందా? 😀 మీ ఇంట్లో దోసెల పిండి మూడు రోజులు ఫ్రిజ్‌లో ఉండదా? బాగా పులిస్తే పునుగులు వేసుకోరా? ఇక గీత సంగతి. పర్యుషితం అంటే వండాక ఒక రాత్రి గడిచినది అని శంకర భాష్యం. కలిపిన పిండి వండిందే కాదు.

గుంటూరు_మావయ్య:
భాష్యం చదివావు, సంతోషం. కానీ దోసెల పిండి పులవాలనే రుబ్బుతాం, అది దాని లక్షణం. గోధుమ పిండి పులిస్తే చెడినట్టే. రెండింటినీ ఒకే గాటన కట్టకు.

పిండి_ఇంజినీరు:
ఈ పాయింట్ మాత్రం మావయ్యగారిదే కరెక్ట్, అయితే సగమే. ఆహార పదార్థాల తయారీలోనే పనిచేస్తాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ముందు నలుపు సంగతి. గోధుమ తవుడులో పాలీఫీనాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. పిండికి నీళ్లు తగిలి గాలి ఆడితే అందులోని ఫీనాల్స్‌ని అది నల్లబరుస్తుంది. కోసిన వంకాయ నల్లబడేదీ ఇందుకే. తవుడు తక్కువ కాబట్టి మైదా అంతగా నల్లబడదు. కాబట్టి రంగు ఒక్కటీ చూసి పాడైందని చెప్పలేం. పైన నూనె రాసి, గాలి ఆడకుండా మూతపెడితే నలుపు తగ్గుతుంది.

రెండోది, పొద్దునకి పిండి జారుగా, జిగురుగా అవుతుంది. చక్కీ రాళ్ల మధ్య నలిగేటప్పుడు స్టార్చ్ రేణువులు కొన్ని దెబ్బతింటాయి. అందుకే చక్కీ ఆటా ఎక్కువ నీళ్లు పీలుస్తుంది, చపాతీ మెత్తగా వస్తుంది. అయితే దెబ్బతిన్న ఆ స్టార్చ్‌ని రాత్రంతా అమైలేజ్ అనే ఇంకో ఎంజైమ్ కొంచెం కొంచెంగా విడగొడుతూ ఉంటుంది. చల్లదనం ఆ పనిని నెమ్మదింపజేస్తుంది గానీ పూర్తిగా ఆపదు. రాత్రి కలిపేవాళ్లు మామూలుకంటే గట్టిగా కలుపుకోవాలి.

ఇక ఆరోగ్యం. పచ్చిపిండిలో సూక్ష్మజీవులు ఉండనే ఉంటాయి. 2016లో అమెరికాలో పచ్చి పిండి వల్లే ఈ.కోలై అనే బాక్టీరియా వ్యాపించి, పెద్ద ఎత్తున పిండి వెనక్కి తెప్పించారు. పెనం మీద బాగా కాలితే అవి చస్తాయి. కానీ కొన్ని బాక్టీరియా వెచ్చని చోట పెరిగి వదిలే విషం పెనం వేడికి కూడా పోదు. 5 నుంచి 60 డిగ్రీల మధ్య ఎక్కువసేపు ఉంచొద్దనేది అందుకే. ఫ్రిజ్ 5 డిగ్రీలు, అంతకన్నా తక్కువలో ఉంటే ఒక రాత్రికి భయం లేదు. బెంగళూరు చల్లటి ఊరే కదా అని గట్టుమీద వదిలేయకండి. ఇక్కడ డిసెంబరు రాత్రి కూడా 15, 16 డిగ్రీలు ఉంటుంది. పుల్లటి వాసన వచ్చిందా, మొహమాటం లేకుండా పారేయండి. పాపకి ఆడుకోవడానికి పచ్చిపిండి ఇస్తుంటే నోట్లో పెట్టుకోకుండా చూసుకోండి.

మారతహళ్లి_మామ్:
ఫ్రిజ్‌లో ముద్ద ఇంటికి మంచిది కాదనేది ఎక్కడిదో నాకు తెలుసు. మా పక్క ఫ్లాట్ యూపీ ఆంటీ పిండిముద్ద మీద మూడు వేళ్లతో గుర్తులు నొక్కుతుంది. నున్నగా ఉంటే పితృదేవతలకు పెట్టే పిండంలా ఉంటుందట, దయ్యాలు వస్తాయట. అది ఇప్పుడు వాట్సాప్‌లో తెలుగులోకి దిగింది. మా అమ్మ, నాయనమ్మ నోట నేనైతే ఎప్పుడూ వినలేదు.

కర్నూలు_అక్క:
నాకు ఇంకోటి అనిపిస్తుంది. మా వైపు పెద్దవాళ్లకి గోధుమ కంటే జొన్న అలవాటు. జొన్నపిండి మరుగు నీళ్లతో కలిపి అప్పటికప్పుడు తట్టాల్సిందే. అందులో పిండికి సాగే గుణమిచ్చే గ్లూటెన్ లేదు, చల్లారితే బిరుసెక్కి అంచులు చీలిపోతాయి. పిండి నిలవ ఉంచకూడదనే మాట జొన్నకి అక్షరాలా నిజం. అదే మాట గోధుమకీ అంటించేశారేమో.

ఇంకో సంగతి. మావయ్యగారి పది నిమిషాలు కలపడానికే. తరవాత అరగంట నానాలి, కాల్చాలి, గిన్నె కడగాలి. తాజా పిండే కావాలనే మగవాళ్లు తెల్లవారుజామున లేచి కలిపితే ఏ కోడలూ కాదనదు.

గుంటూరు_మావయ్య:
నేను కలుపుతానమ్మా, మా ఇంట్లో పిండి నేనే కలుపుతాను. అందుకే చెబుతున్నా, తాజా పిండి రుచి వేరు.

అనంతపురం_బ్రో:
ఇదైతే ఒప్పుకోవాల్సిందే, మావయ్యకి దండం. అన్నట్టు 2020లో పరోటా రొట్టె కిందకి రాదని, 18 శాతం జీఎస్టీ కట్టాలని తేల్చింది కూడా కర్ణాటక అథారిటీనే. పిండి మీద గొడవలు ఈ రాష్ట్రానికి కొత్తేం కాదు.

కర్నూలు_అక్క:
జీఎస్టీ గొడవ వేరే పోస్టు పెట్టుకో నాయనా.

హెచ్‌ఎస్‌ఆర్_కోడలు:
అందరికీ థ్యాంక్స్. గట్టిగా కలిపి, నూనె రాసి, ఒక్క రాత్రికే ఉంచుతాను. అత్తయ్యగారు ఉన్నన్నాళ్లూ ఆవిడ పళ్లెంలోకి మాత్రం తాజా పిండే, ఆ టెన్షన్ నాకొద్దు. రెండు డౌట్లు. మా లేఅవుట్‌లో రాత్రిళ్లు కరెంటు పోతుంటుంది, అప్పుడెలా? ఇదే పిండి పూరీకి పనికొస్తుందా?

పిండి_ఇంజినీరు:
ఫ్రిజ్ తలుపు తెరవకపోతే నాలుగు గంటల దాకా చల్లదనం నిలుస్తుంది. అంతకు మించి పోతే ఆ పిండి వాడకండి. పూరీకి మాత్రం వద్దు. జారుగా ఉన్న పిండి నూనె ఎక్కువ పీలుస్తుంది. పూరీ పిండి అప్పటికప్పుడు, గట్టిగా కలుపుకోండి.

గుంటూరు_మావయ్య:
చూశావా, పూరీ దగ్గరికి వచ్చేసరికి నా మాటే!