ఒకే ప్రిల్యూడు, ముగ్గురు వాదకులు: ఎవరిది వినాలి?

పెదవాల్తేరు శ్రోత:

అందరికీ నమస్కారం. విశాఖ పోర్టులో లెక్కల విభాగంలో పనిచేసి ఈ మధ్యే రిటైరయ్యాను. నా చెవికి చిన్నప్పటి నుంచి అలవాటైనది కర్ణాటక సంగీతమే. కళాభారతిలో మంచి కచేరీ ఉందంటే వదలను. మనవరాలు కీబోర్డు క్లాసుకు వెళ్తోంది కదా అని దాని కోసం ఏవో వెతుకుతుంటే షోపాన్ అనే స్వరకర్త పియానోకు రాసిన చిన్న ముక్కలు, ప్రిల్యూడ్లు, తగిలాయి. 28వ ఓపస్‌లో (ఓపస్ అంటే ఆయన రచనల వరస సంఖ్య) నాలుగోది, 'ఇ మైనర్' (E minor) స్వరశ్రేణిలోది, రెండు నిమిషాల ముక్క. మనవరాలు ఎప్పుడో మరిచిపోయింది, నన్ను మాత్రం అది వదలడం లేదు.

నా చిక్కు ఇది. కోర్టో, ఆర్గెరిచ్, పోలీని అనే ముగ్గురు పియానిస్టులు వాయించిందీ విన్నాను. స్వరాలన్నీ అవే, అయినా మూడూ మూడు వేరే ముక్కల్లా ఉన్నాయి. మన దగ్గర ఒకే కీర్తనను ఇద్దరు పాడితే సంగతులు వేరు, నెరవు వేరు, స్వరకల్పన వేరు, కాబట్టి తేడా ఎక్కడుందో తెలుస్తుంది. ఇక్కడ ప్రతి స్వరమూ అచ్చులో ఉంది. ఇక వాయించేవాడు కొత్తగా చేసేదేమిటి?

ఇంకో సందేహం. కోర్టో రికార్డుల్లో గరగర సరే, అపస్వరాలు కూడా ఉన్నాయంటారు. అయినా అందరూ పొగుడుతారు. పెద్దాయన అనే మొహమాటమా?

చివరగా ఒక ఇంటి గొడవ. మెల్లగా వాయించే చోట ఏమీ వినిపించదు. వాల్యూమ్ పెంచితే తరవాతి ముక్కకు ఇల్లు అదిరిపోతుంది, మా ఆవిడ వంటింట్లోంచి కేక వేస్తుంది.

కిర్లంపూడి పియానో టీచరు:

శ్రోత గారూ, మీరు అడిగిన తీరు బాగుంది. చాలామంది "బెస్టు రికార్డింగు ఏది" అని అడిగి, పేరు చెప్పగానే మాయమైపోతారు.

అచ్చులో ఉన్నది స్వరం, దాని నిడివి, అక్కడక్కడా "మెల్లగా", "గట్టిగా" అనే సూచనలు, అంతే. ఎంత మెల్లగా? ఏ వేలికి ఎంత బరువు? ఈ స్వరం తరవాత ఎంత తటపటాయించాలి? ఆ లెక్కలు కాగితం మీద ఉండవు. పైగా పియానోకు గమకం లేదు. వీణలో తీగ లాగితే స్వరం వంగుతుంది. ఇక్కడ సుత్తి తీగను కొట్టి వెనక్కి పోతుంది, శబ్దం ఆ క్షణం నుంచే తగ్గుతూ ఉంటుంది. మెట్టును (వేలితో నొక్కే కీని) పట్టి ఉంచవచ్చు, వదలవచ్చు, అంతకుమించి వేలి చేతిలో ఏమీ లేదు. వాదకుడికి మిగిలినవి రెండే: బరువు, కాలం. మీ ముగ్గురి మధ్య తేడా అంతా ఆ రెండింట్లోనే ఉంది.

మీ ముక్కనే తీసుకుందాం. మొత్తం 25 కొలతలు (మన తాళావర్తాల లాంటివి). కుడిచెయ్యి చాలాసేపు చేసేది దాదాపు ఏమీ లేదు: బి అనే స్వరం నుంచి పక్కనున్న సి, మళ్లీ బి. కథంతా ఎడమచేతిలో ఉంది. మూడేసి స్వరాల గుత్తులు ఆగకుండా కొడుతూ ఉంటాయి, వాటిలో ఒకసారి ఈ స్వరం, ఒకసారి ఆ స్వరం పక్క స్వరస్థానానికి కిందికి జారుతుంది. మీరు చేయవలసిన పని ఒక్కటే. ఈసారి కుడిచేతిని పట్టించుకోకండి. ఆ గుత్తిలో ఇప్పుడు దిగింది ఏ స్వరమో మీకు వినిపించిందా? మంచి వాదకుడు దాని మీద రవ్వంత బరువు వేసి మీ చెవిని అటు తిప్పుతాడు. మామూలు వాదకుడి చేతిలో మూడు స్వరాలూ ఒకటే ముద్ద.

తరవాత 16వ కొలత దగ్గర షోపాన్ "స్ట్రెట్టో" అని రాశాడు, అంటే తొందరపడమని. వెంటనే ముక్క మొత్తంలో ఒకే ఒక్క ఆక్రోశం. అక్కడ కొందరు అరుస్తారు, కొందరు అరవబోయి ఆపుకుంటారు. నాకు రెండో రకమే ఇష్టం. చివర 23వ కొలతలో ఒక నిశ్శబ్దం ఉంది, దాని మీద "ఎంతసేపైనా ఆగవచ్చు" అనే గుర్తు ఉంది. ఆ తరవాత మూడు గుత్తులు, అయిపోయింది. ముగ్గురూ ఆ నిశ్శబ్దాన్ని ఎంతసేపు పట్టుకున్నారో గడియారంతో కాదు, ఊపిరితో చూడండి.

ఇంకో విషయం. పైన "లార్గో", అంటే బాగా విలంబంగా, అని ఉంది కాబట్టి ఈ ముక్కను ఈడ్చి ఈడ్చి వాయించేవాళ్లున్నారు. పక్కనే తాళం గుర్తు చూస్తే కొలతకు రెండు దెబ్బలే. విలంబమే, కానీ నాలుగు దెబ్బల విలంబం కాదు. 1849లో షోపాన్ అంత్యక్రియల్లో దీన్ని ఆర్గన్ మీద వాయించారు. ఆ శవయాత్ర నడక అప్పటి నుంచి దీన్ని వదల్లేదని నా అనుమానం.

కోర్టో సంగతి. ఆయన ప్రిల్యూడ్లు 1930ల నాటి రికార్డులు. అప్పట్లో పెద్ద ప్లేటుకు ఒక వైపు నాలుగైదు నిమిషాలే పట్టేవి. టేపు లేదు, కత్తిరించి అతికించడం లేదు. ఒక్క స్వరం పోతే ఆ వైపంతా మళ్లీ వాయించాలి, లేదా ఉంచేయాలి. కోర్టో ఉంచేశాడు. ఆయన ఎడమచేయి ముందు పడుతుంది, కుడిచేయి ఒక క్షణం ఆలస్యంగా వస్తుంది. తాళం వేసే చెయ్యి నిలకడగా ఉండి, పాడే గొంతు వెనకబడి మళ్లీ అందుకున్నట్టు. షోపాన్ కూడా తన శిష్యులకు ఎడమచేయి కాలం తప్పకూడదనే చెప్పేవాడట. కచేరీల్లో పెరిగిన మీ చెవికి ఇది కొత్తగా ఉండకూడదు.

సీతమ్మధార ఇంజనీరు:

టీచరు గారి మాట కాదనను గానీ, అపస్వరం అపస్వరమే. మన కచేరీలో విద్వాంసుడు శ్రుతి తప్పితే ఎవరైనా "భావం బాగుంది" అని ఊరుకుంటారా? పోలీని 1972లో రికార్డు చేసిన షోపాన్ ఎత్యూడ్లు (సాధన కోసం రాసిన ముక్కలు) వినండి. 10, 25 ఓపస్‌లు, మొత్తం 24. ఎక్కడా ఒక్క స్వరం మసకబారదు. షోపాన్ రాసింది రాసినట్టు వినాలంటే అదే. ఆ పాత ప్లేట్ల గరగరలో భావం ఉందో, సూది అరిగిందో చెప్పడం కష్టం.

కిర్లంపూడి పియానో టీచరు:

ఇంజనీరు గారూ, శ్రుతి తప్పడం వేరు, వేగంలో పక్క మెట్టు తగలడం వేరు. మొదటిది చెవి లోపం, రెండోది ప్రమాదం. హొరోవిట్జ్ అనే పేరున్న పియానిస్టు 1965లో పన్నెండేళ్ల విరామం తరవాత న్యూయార్క్ కార్నెగీ హాల్లో కచేరీకి కూర్చున్నప్పుడు మొదట్లోనే స్వరాలు తప్పాయి. హాల్లోంచి ఎవరూ లేచిపోలేదు.

పోలీని మీద నాకు కోపం ఏమీ లేదు. ఆ ఎత్యూడ్లు నా దగ్గర నేర్చుకునే పిల్లలకు నేనే వినిపిస్తాను. ప్రిల్యూడ్లలో పదహారోదానికి, ఆ ఉరుకులాటకు, ఆయన దగ్గరికే వెళ్తాను. నాలుగోదానికి మాత్రం వెళ్లను. అక్కడ అంత శుభ్రత నాకు ఆస్పత్రిలా ఉంటుంది.

ఇద్దరికీ నచ్చేది ఒకటి చెప్పనా? దినూ లిపాటి అనే పియానిస్టు 1950లో జెనీవాలో రికార్డు చేసిన షోపాన్ వాల్ట్జులు (నాట్యపు నడకలో ఉండే ముక్కలు). శుభ్రతకు లోటు లేదు, ప్రాణానికీ లోటు లేదు. అప్పటికే ఆయన ఒంట్లో హాడ్జికిన్స్ వ్యాధి (ఒక రకం క్యాన్సర్) ముదిరింది. అదే సెప్టెంబరులో బెసాన్సోన్‌లో ఆఖరి కచేరీ చేశాడు. 14 వాల్ట్జుల్లో 13 వాయించి, ఆఖరిదానికి ఓపిక లేక ఆపేశాడు. డిసెంబరులో పోయాడు, 33 ఏళ్లకే. కానీ ఈ కథ తెలియకుండా వినడమే మేలు. జాలి కలిస్తే చెవి అబద్ధం చెబుతుంది. (చెప్పేశాను కదా, ఏం చేయను.)

గాజువాక హెడ్‌ఫోను:

మూడో ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు, ఇంటి గొడవ కాబట్టి నేనిస్తాను. మన ఊరి ఉక్కపోతలో ఫ్యాను వేయకుండా కూర్చోలేం, ఆ ఫ్యాను హోరు కిందే మీ మెల్లని స్వరాలు మునిగిపోతున్నాయి. అందుకే వాల్యూమ్ పెంచుతున్నారు. చెవిని పూర్తిగా కప్పే హెడ్‌ఫోను పెట్టుకోండి, ఖరీదైనది అక్కరలేదు. రెండోది, యాప్‌లో పాటలన్నిటినీ ఒకే స్థాయికి సర్దే సెట్టింగు ఉంటే తీసేయండి. అది ఉంటే మెల్లని ప్రిల్యూడును పైకి లేపి, పదహారోదాన్ని కిందికి నొక్కుతుంది. రెంటికీ మధ్య షోపాన్ పెట్టిన దూరం పోతుంది. వాల్యూమ్‌ను ఒకసారి పదహారోదానికి సరిపడా పెట్టి, ఇక ముట్టుకోకండి. నాలుగోది చిన్నగా వినిపిస్తుంది. చిన్నగానే వినాలి.

పెదవాల్తేరు శ్రోత:

అందరికీ ధన్యవాదాలు. ఎడమచేతిని వింటూ కూర్చున్నాను. కోర్టో దగ్గర జారే స్వరం స్పష్టంగా దొరికింది. ఆర్గెరిచ్ దగ్గర ఆ ఆక్రోశానికి వెన్ను జలదరించింది. ఇంజనీరు గారూ, పోలీని దగ్గర నాకు ఆస్పత్రేమీ కనిపించలేదు, ఆ విషయంలో నా ఓటు మీకే.

టీచరు గారూ, ఒక్క మాట. నేను పదేపదే పెడుతుంటే మనవరాలికి మళ్లీ మనసు మళ్లింది. తనూ వాయిస్తానంటోంది. తొమ్మిదేళ్లు. మొదలుపెట్టించవచ్చా?

కిర్లంపూడి పియానో టీచరు:

వేళ్లకు కష్టమైన ముక్క కాదు, ఆ గుత్తులు చిన్న చేతికీ అందుతాయి. కానీ ముందు మీ కీబోర్డు చూడండి. ఒకే మెట్టును ఒకసారి మెత్తగా, ఒకసారి గట్టిగా నొక్కండి. శబ్దంలో తేడా వస్తే మొదలుపెట్టించండి, ఎడమచేయి ఒక్కటే, చాలా నిదానంగా. తేడా రాకపోతే వద్దు. ఆ వాయిద్యం మీద ఈ ముక్క లేదు. మా ఇంట్లో నిలువు పియానో ఉంది, తీసుకురండి. వానాకాలం దాటాక రండి, సముద్రపు తేమకు ఇప్పుడు సగం మెట్లు దిగితే లేవడం లేదు.