ఆల్ఫ్రెడోలో పాస్తా పూర్తిగా మానేయాలా, తగ్గించుకుంటే చాలా?

డల్లాస్ వంటిల్లు:

అందరికీ నమస్కారం. మా ఆయనకు ఈమధ్యే షుగర్ ఉన్నట్టు తేలింది. పిండిపదార్థాలు బాగా తగ్గించమని డాక్టర్ గారు చెప్పారు. అన్నం దగ్గర ఆయన పేచీ పెట్టలేదు. కానీ మా ఇంట్లో శుక్రవారం రాత్రి అంటే ఫెట్టుచినే ఆల్ఫ్రెడో, అదే, పట్టీల్లాంటి పాస్తాను వెన్న, చీజ్, క్రీమ్ సాస్‌లో కలిపే వంట. పిల్లలతో పాటు కూర్చుని తనూ అదే తినాలని ఆయన కోరిక. ఆయన ముందు వేరే గిన్నె పెట్టి మేం ఇది తినడం నాకూ ఇష్టం లేదు.

నా లెక్క ఇది. 100 గ్రాముల ఎండు పాస్తాలో సుమారు 75 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. వెన్నలో దాదాపు సున్నా, పార్మిజాన్ చీజ్‌లో చాలా తక్కువ, 100 మి.లీ. చిక్కటి క్రీమ్‌లో 3 గ్రాముల దాకా. అంటే సాస్ జోలికి వెళ్లనక్కర్లేదు, పాస్తా ఒక్కటీ మారిస్తే చాలు. దాని బదులు జుకినీని (కీరదోసలా కనిపించే కూరగాయ) సన్నటి పట్టీలుగా కోసి వేస్తే 250 గ్రాములకు 8 గ్రాములే పడుతుంది.

మా చెల్లెలు ఒప్పుకోవడం లేదు. "జుకినీ వేస్తే నీళ్లూరుతుంది, బావగారు నాలుగు రోజులు తిని మానేస్తారు. అసలు పాస్తానే కొంచెం పెట్టు" అంటోంది. నీళ్లూరే మాట నిజమే, సాస్ పళ్లెం అడుగున తేలుతోంది. మీరైతే ఏ దారి పడతారు? ఎందుకో కూడా చెప్పండి.

రోమారుచి:

నేను మీ చెల్లెలి గారి పక్షమే. ఇటలీలో చదువుకుంటున్నాను, ఈ వంటకం మీద నాకు పట్టింపు ఎక్కువ.

ఆల్ఫ్రెడో ది లెలియో రోమ్‌లో దీన్ని 1908లో చేశాడంటారు. కాన్పు అయ్యాక భార్య ఈనెస్‌కు ఏమీ సహించకపోతే, ఆ బాలింత కోసం చేశాడని వాళ్ల కుటుంబం చెబుతుంది. అందులో క్రీమ్ లేదు. గుడ్లతో అప్పటికప్పుడు చేసిన ఫెట్టుచినే, వెన్న, పార్మిజానో రెజానో (అసలైన పార్మిజాన్ చీజ్). ఇంతే. 1914లో వియా దెల్లా స్క్రోఫా అనే వీధిలో సొంత హోటల్ పెట్టాడు. 1920లో హాలీవుడ్ తారలు మేరీ పిక్‌ఫర్డ్, డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్ హనీమూన్‌కు వచ్చి అక్కడ తిన్నాక అమెరికాలో దీనికి పేరొచ్చింది. క్రీమ్ చేరింది కూడా అమెరికాలోనే.

మరి క్రీమ్ లేకుండా ఆ సాస్ అంత నున్నగా ఎలా వస్తుంది? పాస్తా ఉడికిన గంజి వల్ల. గంజిలోని పిండి వెన్ననూ నీటినీ విడిపోనివ్వదు, చీజ్ ముద్ద కట్టకుండా చూస్తుంది. పాస్తా మీద ఉన్న పిండి వల్లే సాస్ దాన్ని అంటిపెట్టుకుంటుంది. మీరు తీసేస్తున్నది నూడుల్ ఒక్కటే కాదు, సాస్‌ను నిలబెట్టే పదార్థాన్ని కూడా. జుకినీలో సుమారు 95 శాతం నీరే. పిండి తీసేసి నీళ్లు చేర్చాక సాస్ తేలకుండా ఎలా ఉంటుంది?

నా సలహా: ఆయనకు ఎండు పాస్తా 40 గ్రాములు తూచి వేయండి. అందులో పిండిపదార్థం 30 గ్రాములు, ఒక కప్పు అన్నంలో ఉండే 45 గ్రాముల కంటే తక్కువే. పక్కన చికెన్, బ్రకోలీ ఎక్కువ పెట్టండి. పాస్తా కొంచెం పలుకుగా ఉన్నప్పుడే దించండి. మెత్తగా ఉడికిన పాస్తా కంటే అది నిదానంగా అరుగుతుంది. అందరూ ఒకే వంట తింటారు.

పిండికిదూరం:

రోమారుచి గారూ, గంజి గురించి మీరు చెప్పింది అక్షరాలా నిజం. కానీ దాన్నుంచి మీరు తేల్చిన మాటతో నేను ఏకీభవించను. గంజి లేకపోతే సాస్‌ను నిలబెట్టే పని వేరేదానికి అప్పగించాలి, అంతే. పాస్తా మార్చి సాస్ మాత్రం పాత పద్ధతిలో చేస్తే చెడిపోతుంది. ఇళ్లలో లో-కార్బ్ (పిండిపదార్థాలు, అంటే కార్బ్స్, తగ్గించిన) ఆల్ఫ్రెడో మీద వచ్చే ఫిర్యాదులన్నీ దాదాపు ఇక్కడే పుడుతున్నాయి.

40 గ్రాముల సంగతి. నాకూ షుగర్ ఉంది. ఎండు పాస్తా 40 గ్రాములంటే ఉడికాక ఒక గుప్పెడు పైచిలుకు. ఎదురుగా పిల్లల పళ్లేల్లో నిండుగా ఉంటే, ఆ గుప్పెడుతో ఆగడానికి ప్రతి వారం మనసుతో పోరాడాలి. కొందరికి అది సులువే, నాకు కాదు. నిండు పళ్లెం తిన్నానన్న తృప్తి నాకు ముఖ్యం. షుగర్ కొత్తగా వచ్చిన మనిషికి ఇంకా ముఖ్యం. ఆ మొదటి నెలల్లో ఇష్టమైనవన్నీ పోయాయన్న దిగులు ఉంటుంది.

డల్లాస్ అక్కా, ఇలా చేసి చూడండి. చిక్కటి క్రీమ్‌ను సన్నటి సెగ మీద గరిటెకు అంటుకునేదాకా మరిగించండి. అందులోని పాల ప్రొటీన్లు గంజి చేసే పనిలో కొంత చేస్తాయి. ఒక చెంచా క్రీమ్ చీజ్ కలపండి. ఆ తర్వాత తప్పకుండా స్టవ్ ఆపేయండి. ఒక నిమిషం ఆగి, సన్నగా తురిమిన చీజ్‌ను కొంచెం కొంచెంగా వేస్తూ కలపండి. మరుగుతున్న సాస్‌లో చీజ్ వేస్తే ప్రొటీన్ గట్టిపడి ముద్దవుతుంది, నెయ్యి విడిగా తేలుతుంది. డబ్బాలో అమ్మే చీజ్ పొడి వద్దు, ఉండ కట్టకుండా అందులో సెల్యులోజ్ కలుపుతారు, అది సాస్‌లో ఇసుకలా తగులుతుంది. ఇండియాలో చేసేవాళ్లకు ఇంకో మార్గం: ఒక చిన్న ప్రాసెస్డ్ చీజ్ ముక్క. అందులో సోడియం సిట్రేట్ లాంటి లవణాలు ఉంటాయి, సాస్ విరగకుండా కాస్తాయి. సాస్‌ను చిక్కబరిచే జాంథన్ గమ్ పొడి దొరికితే చిటికెడు చాలు, ఎక్కువైతే జిగట.

జుకినీకి ఉప్పు రాసి ఇరవై నిమిషాలు జల్లెడలో వదిలేయండి, పలచటి గుడ్డలో వేసి గట్టిగా పిండండి. బాగా వేడెక్కిన పెనం మీద ఒక నిమిషం తిప్పి తీసేయండి. సాస్‌లో వేసి ఉడికించొద్దు, తినేముందు పైన పోయండి. అలా పిండిన జుకినీ నీళ్లూరదు. సాస్‌లో విడిగా ఉప్పు వేయకండి, చీజ్‌లో ఉన్నది చాలు.

కృష్ణాతీరం:

షిరటాకి నూడుల్స్ సంగతి ఎవరూ ఎత్తలేదే? వాటిలో కార్బ్స్ లేవంటారు. ఏదో దుంపతో చేస్తారట. మన కందలాంటిదేనా?

పిండికిదూరం:

దగ్గరి చుట్టమేనండీ. షిరటాకి చేసే జపాన్‌వాళ్ల కొంజాక్ దుంప, మన కంద రెండూ అమోర్ఫోఫాలస్ అనే ఒకే ప్రజాతి మొక్కలు. కానీ కందలో ఉండేది ప్రధానంగా పిండి. కొంజాక్ దుంపలో గ్లూకోమానన్ అనే పీచు ఎక్కువ, నూడుల్స్ దానితోనే కడతారు. అందుకని కందతో అవి రావు.

ఆ నూడుల్స్‌లో సుమారు 97 శాతం నీరు, మిగతాది పీచు. గట్టిపడటానికి సున్నం కలుపుతారు కాబట్టి ప్యాకెట్ విప్పగానే ఒక నీచు వాసన వస్తుంది. బాగా కడిగి, రెండు నిమిషాలు ఉడికించి, నూనె లేని పెనం మీద తడి ఆరేదాకా వేయిస్తే పోతుంది. ఇంత చేసినా అవి రబ్బరులా సాగుతాయి, వెన్న రుచిని లోపలికి పట్టుకోవు. సోయా సాస్ వంటల్లో బాగుంటాయి కానీ ఆల్ఫ్రెడోకు నేను వాడను.

పథ్యం:

విజయవాడలో డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. మీ ఇద్దరి వాదనలోనూ కార్బ్స్ గురించే మాట్లాడుతున్నారు, వెన్న గురించి ఎవరూ మాట్లాడటం లేదు. ఇది నాకు బాధగా ఉంది.

ఒక పళ్లేనికి 50 గ్రాముల వెన్న వేశారనుకోండి. దాదాపు 360 క్యాలరీలు, 25 గ్రాముల సంతృప్త కొవ్వు. రోజుకు 2000 క్యాలరీలు తినేవారికి సంతృప్త కొవ్వు 22 గ్రాములు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే పరిమితి కింద వచ్చే లెక్క. చీజ్, క్రీమ్ ఇంకా కలపనే లేదు. షుగర్ ఉన్నవారికి గుండె జబ్బు ముప్పు ఎలాగూ ఎక్కువ. కార్బ్స్ లేవు కదా అని సాస్‌ను ఎంతైనా పోసుకోవచ్చన్న ధోరణి మన రెండు రాష్ట్రాల్లోనూ కొన్నేళ్లుగా చూస్తున్నాను. దాన్ని నేను ఒప్పుకోను.

అంతకంటే ముఖ్యం, మందులు. ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడుతూ ఒక్కసారిగా కార్బ్స్ ఆపేస్తే షుగర్ బాగా పడిపోవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలు వాడేవారు కార్బ్స్ మరీ తగ్గించేస్తే రక్తంలో కీటోన్లు (ఒంట్లో కొవ్వు కరిగినప్పుడు పుట్టే ఆమ్లాలు) ప్రమాదకరంగా పెరగవచ్చు. అప్పుడు షుగర్ రీడింగ్ మామూలుగానే కనిపించవచ్చు కూడా, అదే అసలు భయం. అమ్మా, మీవారు ఏ మందులు వాడుతున్నారో చూసుకుని, డాక్టర్‌తో మాట్లాడాకే మొదలుపెట్టండి. వారానికి ఒక పూట మార్పు వేరు, రోజూ మానేయడం వేరు.

ఇక మీరడిగినదానికి నా మాట: కొంచెం పాస్తా, చాలా కూరగాయ, చాలా చికెన్. ముందు కూరగాయలు, చికెన్ తిని, పాస్తా చివర తింటే తిన్నాక షుగర్ పెరుగుదల తగ్గుతుంది. సాస్‌లో సగం వంతుగా, ఉడికించి మెత్తగా రుబ్బిన కాలీఫ్లవర్ కలిపితే వెన్న, క్రీమ్ రెండూ సగానికి దిగుతాయి. చిక్కదనం తగ్గదు.

రోమారుచి:

పథ్యం గారూ, మందుల గురించి చెప్పినందుకు కృతజ్ఞతలు. కానీ కాలీఫ్లవర్ దగ్గర మీతో విభేదిస్తాను. పార్మిజానో వాసన చాలా సున్నితం. కాలీఫ్లవర్ ఎంత రుబ్బినా, ఎక్కువ ఉడికితే వచ్చే ఆ గంధకపు వాసన దాన్ని మింగేస్తుంది. కొవ్వు తగ్గించాలంటే సాస్ తక్కువ పోసుకోవడమే మేలు. రోమ్‌లో సాస్ పాస్తాకు పూతలా ఉంటుంది, గిన్నెలో ఈదదు.

పిండికిదూరం గారు చెప్పిన క్రీమ్ పద్ధతి బాగానే ఉంది, గంజి లేకుండా నిలబడుతుందని ఒప్పుకుంటాను. అయితే జుకినీ మాత్రం నాకు మింగుడుపడదు. ఫెట్టుచినే అంటే 100 గ్రాముల పిండికి ఒక గుడ్డు కలిపి చేసేది, ఆ రుచిలో గుడ్డు వాటా పెద్దది. పిండి వద్దనుకుంటే గుడ్డునైనా ఉంచండి. రెండు గుడ్లలో ఒక పెద్ద చెంచా క్రీమ్ చీజ్ బాగా గిలక్కొట్టి, నాన్‌స్టిక్ దోసె పెనం మీద పల్చగా పోయండి. సన్నటి సెగ, ఎర్రబడనివ్వొద్దు. చల్లారాక చాపచుట్టలా చుట్టి వేలెడు వెడల్పున కోస్తే ఫెట్టుచినేలాంటి పట్టీలు వస్తాయి. పిండిపదార్థం 2, 3 గ్రాముల లోపే. నీళ్లూరే బాధ లేదు, ప్రొటీన్ కూడా ఉంది.

పిండికిదూరం:

ఇది నాకు నచ్చింది. నా ఓటు జుకినీకే, గుడ్డు పట్టీలు తిన్నాక పొట్ట బరువుగా అనిపిస్తుంది. రెండూ సగం సగం కలిపితే ఎలా ఉంటుందో చూడాలి.

పథ్యం గారూ, వెన్న విషయంలో మీ మాట కాదనను. నేను చెప్పిన సాస్‌లో వెన్న ఒక చెంచాకు మించదు, మిగతాది క్రీమ్, చీజ్. కానీ మీరన్న "కొంచెం పాస్తా" అందరికీ సరిపోతుందనుకుంటే మాత్రం అడ్డం పడతాను. 30 గ్రాముల కార్బ్స్‌కు ఒకరికి షుగర్ 150 దాటదు, ఇంకొకరికి 220 చూపిస్తుంది. తేల్చాల్సింది గ్లూకోమీటర్. మనం ఇక్కడ ఎంత వాదించినా ఆయన ఒంటి సంగతి మనకు తెలియదు.

పచ్చికూర:

గుడ్డు తినని ఇళ్ల గురించి కూడా ఆలోచించండి. మా ఊళ్లో జుకినీ దొరకదు, దొరికినా ఖరీదు. లేత సొరకాయ చెక్కు తీసి, గింజల భాగం వదిలేసి, పీలర్‌తో పొడుగ్గా గీస్తే చక్కటి పట్టీలు వస్తాయి. ఉప్పు రాసి పిండే పద్ధతి దీనికీ అదే. జుకినీ కంటే మెత్తన, రుచి చప్పన, కాబట్టి మిరియాలు దండిగా వేయాలి.

ఇంకో మాట. అసలైన పార్మిజానో రెజానోలో దూడ కడుపు నుంచి తీసే రెన్నెట్ (పాలను గడ్డకట్టించే పదార్థం) వాడతారు, ఆ పేరుతో అమ్మాలంటే అది తప్పనిసరి. శాకాహారులు ప్యాకెట్ మీద చూసుకుని, శాకాహార రెన్నెట్‌తో చేసిన గట్టి చీజ్ కొనుక్కోవాలి.

పథ్యం:

గ్లూకోమీటర్ మాట ఒప్పుకుంటాను. తినడం మొదలుపెట్టిన రెండు గంటలకు 180 లోపు ఉండాలన్నది సాధారణంగా పెట్టుకునే లక్ష్యం. అయితే ఆల్ఫ్రెడోకు ఒక్క రీడింగ్ చాలదు. కొవ్వు ఎక్కువున్న భోజనం కడుపులోంచి ఆలస్యంగా దిగుతుంది, కాబట్టి పాస్తా తిన్న రోజు షుగర్ రెండు గంటలకు తక్కువ చూపించి, తర్వాత పెరగొచ్చు. నాలుగు గంటలకు మళ్లీ చూడాలి. రెండు గంటల అంకె ఒక్కటే చూసి పాస్తా ఒంటికి పడిందని సంబరపడేవాళ్లను చాలామందిని చూశాను.

డల్లాస్ వంటిల్లు:

అందరికీ చాలా థ్యాంక్స్. మందు గురించి అడిగాను, మెట్‌ఫార్మిన్ ఒక్కటేనట. అయినా సోమవారం డాక్టర్ గారికి ఫోన్ చేసి చెబుతాను.

నేను మాత్రం నా మాట మీదే ఉన్నాను, మొదట పాస్తా తీసేసే చూస్తాను. ఈ శుక్రవారం సాస్ క్రీమ్ పద్ధతిలో ఒకేసారి అందరికీ చేసి, పిల్లలకు ఫెట్టుచినే, ఆయనకూ నాకూ గుడ్డు పట్టీలు, పిండిన జుకినీ కలిపి పెడతాను. నేనూ అదే తింటే ఆయన ఒంటరిగా పథ్యం చేస్తున్నట్టు ఉండదు. పై వారం 40 గ్రాముల అసలు పాస్తా, చికెన్ ముందు, పాస్తా తర్వాత. రెండు వారాలూ రెండు గంటలకు, నాలుగు గంటలకు చూసి ఆ అంకెలు ఇక్కడ రాస్తాను. రుచి మీద తీర్పు ఆయనదే.

ఒక్క సందేహం. ఆయన శుక్రవారాలు ఆలస్యంగా వస్తారు. క్రీమ్ సాస్ ముందే చేసి ఉంచి వేడి చేస్తే విరిగిపోదా?

పిండికిదూరం:

చీజ్ వేయకుండా క్రీమ్ వరకే మరిగించి పక్కన పెట్టండి అక్కా. ఆయన వచ్చాక సన్నటి సెగ మీద వెచ్చబెట్టి, స్టవ్ ఆపి, అప్పుడు చీజ్ కలపండి. ఒకవేళ చీజ్ వేసిన సాస్ మిగిలిపోతే మైక్రోవేవ్ వద్దు. మూకుడులో రెండు చెంచాల పాలు పోసి, గోరువెచ్చగా అయ్యాక సాస్ వేసి కలుపుతూ ఉండండి, మళ్లీ కలిసిపోతుంది.