పబ్బులో మమ్మల్ని పట్టించుకోలేదా, మాకే పద్ధతి తెలీదా?

గుంటూరు టు లీడ్స్:
ఈ గొడవ మీరే తేల్చాలి, ఇంట్లో తేలేట్టు లేదు.

మొన్న ఆదివారం అమ్మానాన్నల్ని తీసుకుని ఇంగ్లండ్ ఉత్తరాన ఉన్న యార్క్‌షైర్ డేల్స్ కొండలకి వెళ్లాం. గొర్రెలు, రాతి గోడలు, సన్న తుంపర. ఓ పల్లెలో పాత పబ్బు కనపడింది, పేరు రాయను. లోపల నేలంతా రాతి పలకలు. పొయ్యిలో కట్టెలు మండుతున్నాయి, దాని ముందు తడిసిన కుక్కొకటి ఒళ్లంతా ఆవిర్లొస్తూ పడుకుంది. "ఎంత బాగుందిరా" అన్నారు నాన్న. 2:20కి ఓ బల్ల చూసుకుని కూర్చున్నాం.

రెండున్నరైంది, ఎవరూ రాలేదు. పావు తక్కువ మూడైంది, రాలేదు. పక్క బల్లకి మాత్రం ప్లేట్లు వస్తూనే ఉన్నాయి. దోసెడంత పొంగిన యార్క్‌షైర్ పుడ్డింగులు (తీపి కాదు, మాంసంతో తినే పిండి వంటకం), జగ్గుల్లో గ్రేవీ. అవి మోసే అమ్మాయి మా పక్క నుంచే పోతోంది, మమ్మల్ని చూసి నవ్వుతోంది కూడా. మూడింటికి ఓపిక చచ్చి బార్ దగ్గరికెళ్తే "సారీ లవ్, కిచెన్ ఇప్పుడే కట్టేశారు" అంది. అమ్మకి షుగరు. ఆఖరికి నాలుగు క్రిస్ప్స్ (మన ఆలూ చిప్స్) పాకెట్లు, నాకో పైంటు బిట్టర్. ఆ బీరు చల్లగా లేదు, గ్యాసూ లేదు, పైన నురగన్నదే లేదు.

మన మొహాలు చూసే రాలేదంటుంది మా ఆవిడ. ఏదో పద్ధతి ఉండుంటుందిలే అంటాను నేను. ఇక్కడ ఎవర్నైనా అలాగే పిలుస్తారు గానీ, కొడుకుని పట్టుకుని ఆ పిల్ల "లవ్" అనడమేంటని అమ్మకి వేరే అనుమానం.

మాజీ బార్ కుర్రాడు:
వదిన గారు కోప్పడకపోతే ఓ మాట. తప్పు మీదే అన్నా. మాస్టర్స్ చేసేటప్పుడు డెర్బీషైర్‌లో ఓ పల్లె పబ్బులో వారానికి 20 గంటలు చేశాను, ఆ కౌంటర్ వెనక నుంచి చెప్తున్నా.

అక్కడ బల్ల దగ్గరికి ఎవరూ రారు. మనమే బార్ దగ్గరికెళ్లి, బల్ల నెంబరు చెప్పి, ఆర్డరిచ్చి, డబ్బు కట్టేసి వచ్చి కూర్చోవాలి. తిండి మాత్రం వాళ్లే తెస్తారు. ఏం తినాలో మీరింకా తేల్చుకోలేదనుకుని ఉంటుంది ఆ అమ్మాయి. అడిగితే తొందరపెట్టినట్టు అని వాళ్ల లెక్క. బార్ దగ్గర క్యూ కళ్లకి కనపడదు గానీ ఉంటుంది, ఎవరి తర్వాత ఎవరన్నది మా బుర్రలో నడుస్తుంటుంది. నోటు ఊపినా, చిటికేసినా వంతు వెనక్కే. నేనే ఎంతమందిని పంపానో.

ఇక బీరు. మీరు తాగింది మనకి అలవాటైన చల్లటి గ్యాసు బీరు, లాగర్ కాదు. కాస్క్ ఏల్, అంటే పీపాలోనే పులిసే బీరు. బ్రూవరీ నుంచి వచ్చాక కూడా ఆ పీపాలో ఈస్టు బతికే ఉంటుంది, పబ్బు సెల్లార్లో ఇంకా పులుస్తుంది. బయట నుంచి గ్యాసు ఎక్కించరు. అందుకే చేత్తో పంపు లాగాలి. 11 నుంచి 13 డిగ్రీల మధ్య ఇవ్వాలి. అది వేడీ కాదు, ఫ్రిజ్ చల్లనా కాదు, మన మట్టికుండ చల్లన. ఫిర్కిన్ అనే చిన్న పీపాలో 72 పైంట్లు పడతాయి. ఓసారి తెరిస్తే మూడు రోజుల్లో అవ్వగొట్టాలి, లేదా లోపలికెళ్లిన గాలికి పాడవుతుంది. ఈ బీరు చచ్చిపోతుందేమోనని 1971లో క్యామ్రా అని ఓ ఉద్యమమే పెట్టారు తాగుబోతులు. (నవ్వకండి, ఇప్పటికీ నడుస్తోంది.)

నురగన్నదే లేదన్నారు చూడండి, అక్కడ నాకు డౌటు. యార్క్‌షైర్‌లో పంపు మూతికి స్పార్క్లర్ అని చిన్న చిల్లుల బిళ్ల తగిలించి మరీ చిక్కటి నురగ తెప్పిస్తారు. ఆ నురగే లేదంటే పీపా అడుక్కి వచ్చేసుంటుంది. వెనక్కి ఇచ్చేయాల్సింది. మంచి పబ్బులో ఎందుకని అడక్కుండా ఇంకోటి పోస్తారు.

వరంగల్ నర్సమ్మ:
తమ్మీ, పద్ధతి చెప్పినవ్, మంచిగనే ఉంది. గానీ నలభై నిమిషాలు! ముసలోళ్లిద్దరు కూసొని దిక్కులు చూస్తాంటె, "బార్ దగ్గర చెప్పాలమ్మా" అనే ఒక్క ముక్క నోట్లకెళ్లి రాదా? హన్మకొండల చిన్న చాయ్ హోటల్ల గూడ కూసోంగనే ముందుగాల నీళ్ల గ్లాసు పెడ్తరు. తెల్వనోనికి చెప్పుడే మర్యాద. నవ్వుకుంట పోవుడు కాదు.

ఇంగ ఆ చెల్లెకు అనుమానం ఊకెనే రాలె. నేనుండేది బర్మింగ్‌హామ్ దగ్గర స్మెథిక్ పక్కన. ఒకప్పుడు ఇక్కడి పబ్బులల్ల నల్లోళ్లకు, మనోళ్లకు కొన్ని రూములల్లకు రానియ్యకపోయేది. 1965 ఫిబ్రవరిల అమెరికా నల్లోళ్ల నాయకుడు మాల్కం ఎక్స్ అంతటాయన వచ్చి చూసిపోయిండు. అదే ఏడు రేస్ రిలేషన్స్ యాక్ట్ అచ్చింది, రంగు చూసి పబ్బుల పొయ్యనంటె చెల్లదని. తర్వాత పంజాబోళ్లు పబ్బులే తీస్కున్నరు. ఇప్పుడు స్మెథిక్, వెస్ట్ బ్రామిచ్‌ల దేశీ పబ్బులకు పోతె ఓ దిక్కు డార్ట్స్, ఓ దిక్కు చుయ్యిమనుకుంట మిక్స్‌డ్ గ్రిల్. తెల్లోళ్లే లైన్ల నిలవడ్తరు. ఎవ్వలను గూడ నలభై నిమిషాలు ఇడువరు.

మాజీ బార్ కుర్రాడు:
అక్కా, చరిత్ర కాదనను. కానీ నేను చేసిన చోట ఓ జర్మన్ జంట కూడా ఇలాగే అరగంట కూర్చుంది. మా మేనేజరు చూశాడు, ఏమీ అనలేదు. అలవాటు లేని వాళ్లెవరికైనా ఇదే గతి. ఆదివారం బార్లో ఇద్దరం, బల్లలు పద్దెనిమిది. తల ఎత్తితే కదా చెప్పడానికి.

పల్లె పబ్బుకి మర్యాద లేదనకండి. డేల్స్‌లోనే టాన్ హిల్ ఇన్ ఉంది, 1,732 అడుగుల ఎత్తున, బ్రిటన్‌లో అంతకన్నా ఎత్తున ఇంకో పబ్బు లేదు. 2021 నవంబరులో మంచు తుఫానుకి దారులు మూసుకుపోతే అరవై మంది దాకా అందులోనే మూడు రాత్రులు ఉండిపోయారు. తిండి పెట్టి, పడకలేసి చూసుకున్నారు.

వరంగల్ నర్సమ్మ:
మంచు పడితె చూస్కుంటరు, మామూలు ఆదివారం చూడరా? నువ్వు గూడ సూసి చెప్పలె కదా ఆ జర్మనోళ్లకు.

మాజీ బార్ కుర్రాడు:
…చెప్పలేదు. అది నిజమే.

పప్పుచారు బ్రిస్టల్:
మీ పంచాయితీ మధ్యలో నాదో పక్క గొడవ. కిచెన్ కట్టేయడమే మంచిదైంది అనుకోండి. మీ అమ్మానాన్న బీఫ్ తినరనుకుంటా, లేదా అసలు శాకాహారులా? చికెన్ రోస్ట్ చెప్పినా గ్రేవీ ఏ మాంసం రసంతో చేశారో అడగాలి. యార్క్‌షైర్ పుడ్డింగు పిండి పోసేది చాలాచోట్ల బీఫ్ డ్రిప్పింగ్‌లో, అంటే ఎద్దు కొవ్వు. రోస్ట్ ఆలుగడ్డలకి బాతు కొవ్వో గూస్ కొవ్వో. యార్క్‌షైర్ వైపు చిప్స్ కూడా డ్రిప్పింగ్‌లోనే వేయించేవాళ్లున్నారు. పైకి చూస్తే అన్నీ కూరగాయలే! మెనూ కింద 14 అలర్జీ పదార్థాల లెక్క ఉంటుంది గానీ అందులో కొవ్వు రాదు. నోరు తెరిచి అడగాల్సిందే, అడిగితే మాత్రం ఓపిగ్గా చెప్తారు. ఒకావిడ లోపలికెళ్లి డబ్బా పట్టుకొచ్చి మరీ చూపించింది నాకు.

బీరు కూడా అంతే. కాస్క్ ఏల్ తేటపడ్డానికి ఐసింగ్లాస్ వేస్తారు చాలామంది. చేపల గాలితిత్తి నుంచి తీసింది. చేప ఆ 14లో ఉంది, అయినా బీరుని తేటపరిచే ఐసింగ్లాస్‌కి మినహాయింపు ఇచ్చారు. కాబట్టి ఎక్కడా రాయరు.

గుంటూరు టు లీడ్స్:
అయ్యబాబోయ్. నాన్న గుడ్డు కూడా ముట్టరు. "బార్లీ నీళ్లే కదరా" అని నా గ్లాసులోంచి రెండు గుక్కలు తాగారు. అదీ కార్తీక సోమవారానికి ముందు రోజు.

మాజీ బార్ కుర్రాడు:
చేప అడుక్కి దిగిపోతుందన్నా, గ్లాసులోకి పెద్దగా రాదు.

పప్పుచారు బ్రిస్టల్:
అడుక్కి వచ్చిన పీపా అని నువ్వే కదా చెప్పావ్.

వరంగల్ నర్సమ్మ:
😂 తమ్మీ, ఇయ్యాల నువ్వు ఇంగ మాట్లాడకు.

అన్నా, మీ ఇంటామె అన్నది నేనైతె సగమే ఒప్పుకుంట. మొహం చూసి రాలేదో ఏమో, ఆ పిల్ల మనసుల ఏమున్నదో మనకెట్ల తెలుస్తది. గానీ పద్ధతి తెల్వక ఆకలితోటి కూసున్నోళ్లను చూసి గూడ చెప్పకపోవుడు, అది ఏ రంగోళ్లకైనా తప్పే. రివ్యూ రాయి. పేరు పెట్టి తిట్టకు, "కొత్తగొచ్చినోళ్లకు తలుపు కాడ ఒక బోర్డు పెట్టుండ్రి" అని రాయి.

గుంటూరు టు లీడ్స్:
రివ్యూ రాశానక్కా, దాదాపు మీ మాటే. పబ్బువాళ్లు జవాబిచ్చారు: సారీ, ఈసారి వస్తే కాఫీ మా తరఫున అని. బోర్డు ఊసు ఎత్తలేదు.

అమ్మావాళ్లు వెళ్లేలోపు వచ్చే శనివారం మళ్లీ పోదామంది మా ఆవిడే. పన్నెండింటికల్లా చేరాలట, బార్ దగ్గరికి తనే వెళ్తుందట, ఏ కొవ్వులో వేయించారో తనే అడుగుతుందట. బల్ల నెంబరు గుర్తుపెట్టుకోవడం నా డ్యూటీ. నాన్న ఇప్పట్నుంచే ఆ బార్లీ నీళ్ల గురించి అడుగుతున్నారు. చేప సంగతి ఇంకా చెప్పలేదు.