విడిగా రాసి బతకదలచినవారు ముందు చదవవలసింది జర్నలిజమా, ఏదైనా ఒక శాస్త్రమా?

హనుమకొండ అన్నయ్య:
మా చెల్లెలు ఇక్కడే బీఎస్సీ మూడవ సంవత్సరం చదువుతున్నది. వృక్షశాస్త్రం ఆమెకు ప్రాణం. ఏ పత్రికలోనూ ఉద్యోగానికి చేరకుండా ఫ్రీలాన్సరుగా వ్యాసాలు రాసుకొని బతకాలన్నది ఆమె పట్టుదల. జర్నలిజంలో పీజీ చేసి అప్పుడు మొదలుపెట్టమని నేను, ఇంకో రెండేళ్లు దండుగ అని ఆమె, ఇంట్లో నెల రోజులుగా వాదులాడుకుంటున్నాము. ఈ దారిలో నడిచినవారు మొహమాటపడకుండా చెప్పగలరని మనవి.

పరకాల రైతుబిడ్డ:
మీ చెల్లెలి మాటే సరైనదని నా అభిప్రాయం. నేనూ అదే డిగ్రీ చదివి, మండల కంట్రిబ్యూటరుగా లైన్ అకౌంటు మీద నాలుగేళ్లు పనిచేసి, ఆ తరువాత వ్యవసాయం గురించి మాత్రమే రాస్తూ వస్తున్నవాణ్ణి. అచ్చయిన పంక్తులను లెక్కగట్టి డబ్బులిచ్చే పద్ధతి గనుక, నాలుగు మాటల్లో తేలేదాన్ని పద్నాలుగు మాటలకు సాగదీసే గుణం నాకు అక్కడే అంటుకున్నది. దాన్ని వదిలించుకోవడానికి పట్టిన కాలం గురించి చెప్పకపోవడమే మంచిది.

ఆ రోజుల్లో ఒకసారి వరంగల్ ఏనుమాముల మార్కెట్ నుంచి మిర్చి వార్త పంపుతూ, జెండా పాటలో పలికిన ధరను శీర్షికకు ఎక్కించి, రైతుల మొహాల్లో సంతోషం కనిపించిందని రాశాను. మరునాడు యార్డులో బస్తా మీద కూర్చున్న ఒక పెద్దాయన పేపరు మడతవిప్పి, "గీ ధర ఎవలకచ్చింది బిడ్డా? ఒక్క రాశికచ్చింది. నా కాయకెంతచ్చిందో ఈ తక్‌పట్టీ సూడు" అని అమ్మకం లెక్క రాసి ఉన్న ఆ చీటీని నా చేతిలో పెట్టాడు. జెండా పాట ఆనాటి సరుకులో మేలైన రాశికి పాడే ధర. తక్కినవి రంగును, తేమను, తాలు కాయల పాలును బట్టి అంతకంటే కిందనే ఆగిపోతాయి. అందుకే మార్కెట్ లెక్కల్లో గరిష్ఠ, కనిష్ఠ ధరలతో పాటు, ఎక్కువ సరుకు అమ్ముడైన ధరను మోడల్ ధర అని వేరుగా చూపిస్తారు. ఆ మూడు అంకెలూ రోజూ నా కళ్లముందే ఉండేవి.

డిగ్రీ అక్కరకు వచ్చింది మాత్రం 2021–22లో, నల్ల తామర పురుగు మిర్చి తోటలను ఊడ్చిపెట్టినప్పుడు. మనకు అలవాటైన తామర పురుగు ఆకుల రసం పీల్చి పైముడత తెప్పిస్తుంది; ఈ కొత్తది పూలలో గుంపులుగా చేరి పూతనే రాల్చేస్తుంది. పాత వ్యాసాలను తిరగరాసినవారు ముడత గురించే రాస్తూ పోయారు. నేను రాలిన పువ్వును విప్పి, భూతద్దం కింద పెట్టి చూసిన తరువాతనే కలం పట్టాను. అలా చూసే బుద్ధి నాకు కాలేజీ ప్రయోగశాలలో అబ్బింది.

కాజీపేట విశ్రాంత ఉపసంపాదకుడు:
పరకాల వారి మొదటి ఉదాహరణ ఆయన వాదానికే ఎదురు తిరుగుతున్నది. వృక్షశాస్త్రం చదివి వెళ్లిన మనిషి జెండా పాటకు మోసపోయారు కదా! ఈ అంకె ఎవరిది, మిగిలినవారికి దక్కింది ఎంత అని అడగడమే జర్నలిజం తరగతిలో మొట్టమొదట నేర్పే పని.

ఇంకొకటి, దీన్ని కొత్తవారు ఎవరూ పట్టించుకోరు. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం, హక్కుల బదలాయింపు రాతపూర్వకంగా, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. ఆ పత్రంలో గడువు రాయకపోతే ఐదేళ్లని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేనని 19వ సెక్షను చెబుతున్నది. "సర్వహక్కులూ శాశ్వతంగా" అన్న పంక్తిని చదవకుండానే సంతకం పెట్టిన విషయ నిపుణులను నేను డెస్కులో కూర్చొని ఎందరినో చూశాను.

ములుగు పాఠకురాలు:
నేను చదివింది బీకాం, రాసేది రామప్ప గురించి. 1922లో ఇనుగుర్తి వంటి పల్లెనుంచి 'తెనుగు' వారపత్రికను నడిపిన ఒద్దిరాజు సోదరులు ఏ జర్నలిజం పట్టా పుచ్చుకున్నారు? అయితే నా సందేహం పట్టా గురించి కాదు. 2021 జులైలో రామప్పకు ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చినప్పుడు, ఆ గుడి కట్టించిన రేచర్ల రుద్రుడి గురించీ 1213 నాటి శాసనం గురించీ వెంటనే రాసిమ్మని ఒకే వారంలో నలుగురు ఫోను చేశారు. ఆ తరువాత ఏడాది పాటు ఒక్కరూ పలకరించలేదు. ఆ ఏడాదంతా నాకు అన్నం పెట్టింది జీఎస్టీ కరపత్రాల అనువాదాలే. ఇష్టమైన విషయం ఒకటీ, ఇల్లు గడిచే విషయం ఇంకొకటీ ఉండాలని ఆ అమ్మాయికి ఎవరైనా ముందే చెప్పాలి.

కాజీపేట విశ్రాంత ఉపసంపాదకుడు:
చివరి మాట ఒప్పుకుంటాను, పోలికను ఒప్పుకోను. ఒద్దిరాజు వారు పత్రికకు కర్తలు. విడిగా రాసేవారు ప్రతి వ్యాసానికీ ఇంకొకరి గడప ఎక్కవలసినవారు.

పరకాల రైతుబిడ్డ:
కాజీపేట వారు నన్ను సరిగ్గానే పట్టుకున్నారు. సంతకం సంగతిలో కూడా నేను దెబ్బతిన్నవాణ్ణే: పంటల గురించి రాసిచ్చిన ఒక చిన్న పుస్తకం ఇప్పటికీ అమ్ముడవుతున్నది, నాకు పైసా రాదు. అయినా నా అభిప్రాయం మారలేదు. సంపాదకుడు కొట్టివేసిన వాక్యాలను చూసుకుంటూ రాత నేర్చుకోవచ్చు, నేను నేర్చుకున్నది అలాగే. ముప్పై ఏళ్లు దాటాక, రేపటికి వ్యాసం పంపవలసిన ఒత్తిడిలో, పువ్వు నిర్మాణాన్ని మొదటినుంచి నేర్చుకోవడం ఎవరివల్లా కాదు.

అన్నయ్య గారూ, ఫిబ్రవరిలో సరుకు ముమ్మరంగా వచ్చేటప్పుడు ఒక ఉదయం చెల్లెమ్మను యార్డుకు తీసుకురండి. పదిమంది రైతుల తక్‌పట్టీలు అడిగి చూసి, ఆనాటి జెండా పాట పక్కన పెట్టి, నాలుగు వందల మాటల్లో రాయమనండి. దాన్ని కాజీపేట వారు ఎర్రసిరాతో దిద్దిపెడితే, పీజీ అవసరమో కాదో అప్పుడు మాట్లాడుకుందాము.

హనుమకొండ అన్నయ్య:
అందరికీ నమస్కారాలు. అన్నీ ఆమెకు చదివి వినిపించాను, తప్పకుండా వస్తానన్నది. ఒక్కటి మాత్రం కాజీపేట వారినే అడగమంటున్నది: ఆ చీటీల మీద ఉన్న రైతుల పేర్లను, వారికి అప్పు ఇచ్చిన అడ్తిదారుల (కమిషను వ్యాపారుల) పేర్లను వ్యాసంలో రాయవచ్చునా?