పెళ్ళి ఆగిపోయింది. కట్టిన అడ్వాన్సులు వెనక్కి రాబట్టినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

వెన్నెల_పిట్ట
తమ్ముడి పెళ్ళి వచ్చే నెల. పెళ్ళికూతురి నాన్నగారికి బ్రెయిన్ స్ట్రోక్ వచ్చి ఐసీయూలో ఉన్నారు. మళ్ళీ ఎప్పుడు పెట్టుకుంటామో చెప్పలేని పరిస్థితి కాబట్టి ప్రస్తుతానికి అన్నీ రద్దు చేసుకుంటున్నాం. హాలుకు సగం డబ్బు కట్టేశాం. కేటరింగ్, ఫొటోలు, డెకరేషన్ వాళ్ళకీ అడ్వాన్సులు వెళ్ళాయి. హాలు మేనేజరు మాటామంతీ లేకుండా రసీదు తిప్పి వెనకాల చిన్న అక్షరాలు చూపించాడు: "ఒకసారి చెల్లించిన అడ్వాన్సు ఎట్టి పరిస్థితులలోనూ తిరిగి ఇవ్వబడదు." దాని కింద మా నాన్న సంతకం. ఇంక ఆ డబ్బు మీద ఆశ వదులుకోవాల్సిందేనా?

సెక్షన్_రాజు
వదలకండి. ఇండియన్ కాంట్రాక్ట్ యాక్ట్ 1872, సెక్షన్ 56. ఒప్పందం తర్వాత ఆ పని అసాధ్యమైతే ఒప్పందం చెల్లదు. సెక్షన్ 65 ప్రకారం తీసుకున్నది తిరిగి ఇచ్చేయాలి. ఈ రెండు సెక్షన్లూ రాసి వాట్సాప్‌లో పడేయండి, దారికొస్తారు.

నల్లకోటు
రాజు గారూ, అంత తేలిక కాదండి. 56 కింద చట్టంలోనే ఒక పెళ్ళి ఉదాహరణ ఉంది, పెళ్ళాడదామని ఒప్పుకున్న ఇద్దరిలో ఒకరికి పెళ్ళిలోపే మతి చలిస్తే ఆ ఒప్పందం రద్దు అని. కానీ అది వాళ్ళిద్దరి మధ్య ఒప్పందం. హాలుతో చేసుకున్నది వేరు. హాలు అలాగే ఉంది, ఆ రోజు ఇవ్వడానికి వాళ్ళు సిద్ధంగానే ఉన్నారు, రాలేనిది మీరు. ప్రభుత్వం ఫంక్షన్లు నిషేధించినా, హాలు వరదలో మునిగినా 56 బాగా పనికొస్తుంది. ఇంట్లో జబ్బుకు దాన్ని పట్టుకుంటే అవతలి లాయరు మొదటి వాయిదాలోనే కొట్టిపడేస్తాడు.

వెన్నెల గారూ, మీకు పనికొచ్చేది సెక్షన్ 74. రద్దు చేసింది మీరే అనుకున్నా, అవతలివాళ్ళకు దక్కేది న్యాయమైన పరిహారం మాత్రమే. కాగితం మీద రాసిన మొత్తం దానికి గరిష్ఠ పరిమితి, అంతేగానీ అదంతా వాళ్ళ హక్కు కాదు. 2015లో కైలాష్‌నాథ్ అసోసియేట్స్ వర్సెస్ ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు, నష్టమే జరగనప్పుడు కట్టిన డబ్బు జప్తు చేసుకోవడం కుదరదంది. అక్కడ కైలాష్‌నాథ్ వాళ్ళు అడ్వాన్సు కట్టిన ప్లాటునే ఆ అథారిటీ తర్వాత ఇంకా ఎక్కువ ధరకు వేలం వేసుకుంది. మీ హాలు ఆ తేదీకి ఇంకొకరికి వెళ్తే వాళ్ళకు పోయిందేమిటి? అడగాల్సిన ప్రశ్న అదొక్కటే.

లాక్‌డౌన్_పెళ్ళికొడుకు
మాది 2020 ఏప్రిల్ పెళ్ళి, ఇంకేం చెప్పాలి. నల్లకోటు గారన్నట్టు మా విషయంలో 56 సరిగ్గా సరిపోయింది, ఎందుకంటే హాలు తెరవడమే నిషేధం. అయినా మా హాలు ఓనరు "డేట్ మార్చుకోండి, డబ్బు మాత్రం ఇవ్వను" అని కూర్చున్నాడు. సరే అని డేట్ మార్చుకున్నాం. తీరా ఆ రోజు దగ్గర పడేసరికి "రేట్లు పెరిగాయి, తేడా కట్టండి" అన్నాడు. డేట్ మార్చుకోవడానికి ఒప్పుకునేవాళ్ళు పాత రేటే అని, ఎప్పటిదాకా వాడుకోవచ్చో, ఆ లోపు వాడుకోకపోతే డబ్బు ఇస్తారా లేదా అన్నీ కాగితం మీద రాయించుకోండి. నోటిమాటకు అక్కడ విలువ లేదు.

గరిటె_మాస్టర్
నేను కేటరింగ్ చేస్తాను కాబట్టి మా వైపు మాట కూడా వినండి. అందరూ మమ్మల్ని దొంగల్లా చూస్తారు గానీ అడ్వాన్సు మా జేబులో కూర్చోదు. వంటమాస్టర్‌కి, వడ్డించే కుర్రాళ్ళకి ముందే కొంత ఇచ్చి ఆ రోజుకి కట్టేసుకుంటాం, లేకపోతే సీజన్లో వేరే పార్టీ ఎగరేసుకుపోతుంది. అయితే సరుకులు కొనేది చివరి వారంలో, కూరగాయలు ముందురోజు. నెల ముందు చెప్పారంటే మాకు పోయేది కూలీల అడ్వాన్సు మాత్రమే, అది కూడా అదే తేదీకి ఇంకో ఆర్డర్ దొరక్కపోతేనే. నెల ముందు చెప్పినా మొత్తం ఉంచేసుకునేవాడు నా దృష్టిలో వ్యాపారం చేయట్లేదు. మీరు మాత్రం ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకుండా అందరికీ రద్దు సంగతి రాతలో పంపేయండి. ఫోన్లో చెప్తే మావాళ్ళు "ఎవరూ చెప్పలేదు" అంటారు, నాకు తెలుసు.

డెకరేషన్ వాళ్ళదీ ఇంతే, పూలు చివర్లోనే తెస్తారు. ఫొటోగ్రాఫర్ లెక్క వేరు. అతను అమ్మేది తేదీనే, మీకోసం ఇంకో పెళ్ళి వదులుకుని ఉంటే నిజంగానే నష్టం. అతనితో గట్టిగా పోకుండా తర్వాతి పెళ్ళికి ఆ అడ్వాన్సు జమ వేయమనండి.

వెన్నెల_పిట్ట
మాస్టర్ గారూ, చాలా థ్యాంక్స్. నిన్న రాత్రే అందరికీ మెసేజ్, మెయిల్ రెండూ పెట్టేశాను. హాలువాళ్ళు ఇప్పుడు కొత్త పాట ఎత్తుకున్నారు, "జీఎస్టీ ప్రభుత్వానికి కట్టేశాం, అది ఎలాగూ రాదు" అని.

ఆడిటర్_అక్క
అది నమ్మకండి. అడ్వాన్సు తీసుకుని, ఇన్‌వాయిస్ వేయకముందే సర్వీసు రద్దయితే రీఫండ్ వోచర్ (డబ్బు తిరిగిచ్చినట్టు రాసిచ్చే కాగితం) ఇచ్చే వీలు సీజీఎస్టీ, అంటే కేంద్ర జీఎస్టీ చట్టం సెక్షన్ 31లోనే ఉంది. కట్టిన పన్నును వాళ్ళు సర్దుబాటు చేసుకోగలరు. ముందు అసలు మీకిచ్చినది రసీదు వోచరేనా (అడ్వాన్సు ముట్టినట్టు జీఎస్టీ కింద ఇచ్చే కాగితం), దాని మీద జీఎస్టీ నంబరు ఉందా చూడండి. నంబరు లేకుండా పన్ను పేరుతో వసూలు చేశారంటే అది ఇంకో కథ.

థేమ్స్_తీరం
మేం ఇంగ్లండ్‌లో ఉంటాం. ఇక్కడివాళ్ళు ఎవరైనా చదువుతుంటే: వస్తువు లేదా సర్వీసు ధర 100 పౌండ్లు దాటి 30,000 పౌండ్ల లోపు ఉండి, అందులో కొంచెమైనా క్రెడిట్ కార్డుతో కట్టి ఉంటే, 1974 కన్స్యూమర్ క్రెడిట్ యాక్ట్ సెక్షన్ 75 కింద కార్డు కంపెనీని కూడా అడగొచ్చు. తప్పు అవతలివాళ్ళ వైపు ఉంటేనే సుమా, మనంతట మనం మానుకుంటే కాదు. వెడ్డింగ్ ఇన్సూరెన్స్ చాలామంది తీసుకుంటారు, కానీ మనసు మారి పెళ్ళి ఆపేస్తే పైసా రాదు, పాలసీ తీసుకునేనాటికే తెలిసిన జబ్బు అయితే చాలా పాలసీల్లో అదీ చిక్కే.

నల్లకోటు
మంచి మాట. కార్డు చార్జ్‌బ్యాక్ (కార్డుతో కట్టిన డబ్బు బ్యాంకు ద్వారా వెనక్కి రప్పించుకోవడం) అయినా అంతే, అవతలివాళ్ళు సర్వీసు ఇవ్వనప్పుడు పనిచేస్తుంది.

వెన్నెల గారూ, హాలువాళ్ళు వినకపోతే ముందు 1915కి ఫోన్ చేయండి, అది నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్. చాలా గొడవలు అక్కడే తేలతాయి. కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు కట్టింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు, హాలు ఎక్కడున్నా మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు, రెండేళ్ళ గడువు ఉంటుంది. లాయరు తప్పనిసరి కాదు (నా పొట్ట నేనే కొట్టుకుంటున్నాను). కేసు దాకా వద్దనుకుంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ప్రీ-లిటిగేషన్ లోక్ అదాలత్‌కు దరఖాస్తు పెట్టండి. అక్కడ రాజీ కుదిరితే దాని మీద అప్పీలు ఉండదు.

ఇంకో సంగతి. తెలిసినవాళ్ళెవరితోనైనా హాలుకు ఫోన్ చేయించి, ఆ తేదీ ఖాళీ ఉందా అని అడిగించండి. జవాబు వాట్సాప్‌లో వచ్చేలా చూసుకోండి.

వెన్నెల_పిట్ట
నల్లకోటు గారూ, మీకో దండం! మా పిన్నితో మెసేజ్ పెట్టించాను. "సారీ మేడమ్, ఆ రోజు బుక్ అయిపోయింది, ముందురోజు కావాలంటే ఇస్తాం" అని వచ్చింది. మా బుకింగే చూసి అన్నారేమో అని అనుమానంతో, మేం రద్దు చేసిన తేదీ వేరేవాళ్ళకు ఇచ్చారా అని మెయిల్లో సూటిగా అడిగాను, పిన్నికి వచ్చిన మెసేజ్ కూడా జత చేసి. సాయంత్రం ఓనరే ఫోన్ చేశారు. బుకింగ్ చార్జీలని కొంత పట్టుకుని మిగతాది అకౌంట్లో వేస్తానన్నారు. వేశారు కూడా. పట్టుకున్నది ఎక్కువే అనిపించింది గానీ ఆస్పత్రి తిరుగుళ్ళ మధ్య ఇక పట్టుబట్టలేదు.

కేటరింగ్ ఆయన మర్యాదస్తుడు, కూలీల డబ్బు పోను ఇచ్చేశాడు. ఫొటోగ్రాఫర్ వచ్చే పెళ్ళికి జమ వేస్తానని రాసిచ్చాడు. డెకరేషన్ అతను మాత్రం ఫోన్ ఎత్తట్లేదు.

గరిటె_మాస్టర్
పెద్దాయన ఎలా ఉన్నారమ్మా?

వెన్నెల_పిట్ట
ఐసీయూ నుంచి రూముకి మార్చారు మాస్టర్ గారూ. మాట ఇంకా సరిగ్గా రావట్లేదు, ఫిజియోథెరపీ మొదలైంది.

నల్లకోటు
డెకరేషన్ అతనికి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. ఎంత కట్టారు, ఏ తేదీన, ఎలా కట్టారు, రద్దు సంగతి ఎప్పుడు తెలియజేశారు, అప్పటికి అతను నిజంగా ఏం ఖర్చుపెట్టాడో లెక్క చూపించమని అడుగుతూ 15 రోజుల గడువు ఇవ్వండి. తిట్లు వద్దు. యూపీఐలో పంపి ఉంటే ట్రాన్సాక్షన్ నంబరు కూడా రాయండి, ట్రాకింగ్ రసీదు దాచుకోండి.