అమ్మ, ఎదిగిన కూతురు: ఒక పూట హాయిగా గడవాలంటే ఏం చేయాలి?

ప్రశ్న:
అమ్మకు డెబ్బై, కూతురికి నలభై. ప్రేమకు లోటు లేదు. కానీ కూర్చున్న గంటలోపే మాట ఒంటి బరువు మీదికో, పిల్లల పెంపకం మీదికో మళ్లి ఇద్దరూ ముఖం ముడుచుకుంటారు. సినిమా, షాపింగ్ కాకుండా ఇంకేమైనా చెప్పండి.

జవాబు 1:
ఊరికే ఎదురెదురుగా కూర్చోవడంతోనే చిక్కండి. చూపు మనిషి మీదుంటే మాటా మనిషి మీదికే పోతుంది. పక్కపక్కన కూర్చోండి, చేతికి పని పెట్టుకోండి. నన్నడిగితే పాత ఫొటోలు సర్దడాన్ని మించింది లేదు. అందులో ఎవరెవరున్నారో అమ్మకే తెలుసు, స్కానింగ్ కూతురు చూసుకుంటుంది. ఒకరు లేకుండా ఇంకొకరికి పని సాగదు.

పూటకు ముప్పై ఫొటోలు చాలు. వెనక పేర్లు మెత్తటి పెన్సిల్‌తో రాయండి, బాల్ పెన్ నొక్కితే ముందువైపు గీత తేలుతుంది. జిగురు పేజీల ఆల్బమ్‌లో ఫొటో అతుక్కుపోతే లాగొద్దు, చిరుగుతుంది. మైనం పూత లేని డెంటల్ ఫ్లాస్‌ని (పళ్ల సందులు శుభ్రం చేసుకునే సన్నటి దారం) ఒక మూల నుంచి కిందికి దూర్చి, రంపంలా అటూ ఇటూ మెల్లగా ఆడించండి. అప్పటికీ రాకపోతే పేజీతో సహా స్కాన్ చేసి వదిలేయండి. స్కానర్‌లో 600 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలన్న లెక్క) పెడితే, తర్వాత రెట్టింపు సైజులో ప్రింట్ తీసినా మసకబారదు.

జవాబు 2:
అమ్మ సరేనంటే ఫోన్‌లో రికార్డింగ్ కూడా పెట్టండి. ఇలా ఆప్తుల మాటలు రికార్డు చేయించే స్టోరీకోర్ అనే సంస్థ అమెరికాలో 2003లో మొదలైంది. వాళ్లు ఒక్కో సంభాషణకు 40 నిమిషాలిస్తారు. మీకూ అంతే చాలు, అలసట రాకముందే ఆపొచ్చు.

"నీ చిన్నతనం ఎలా ఉండేదమ్మా?" అంటే "బాగానే ఉండేది" అని ఊరుకుంటారు. "ఈ ఫొటో ఎవరు తీశారు? ఆ తలుపు వెనక ఏముండేది?" అనండి. సంవత్సరం తప్పు చెప్పినా మధ్యలో దిద్దకండి, అక్కడితో మాట తెగిపోతుంది.

జవాబు 3:
పక్కపక్కన అన్నారు గానీ, అమ్మకు వినికిడి తగ్గి ఉంటే బల్ల మూలకు చెరోవైపు కూర్చోవడం మేలు. పనీ కనిపిస్తుంది, పెదవులూ కనిపిస్తాయి. వయసుతో ముందు తగ్గేది సన్నటి, కీచు శబ్దాలు వినే శక్తి. "స", "ఫ" లాంటివి జారిపోతాయి, మాట వినబడుతుంది గానీ అర్థం కాదు. దాన్ని పట్టించుకోకపోవడం అనుకుని కూతుళ్లు నొచ్చుకుంటారు, పాపం ఇద్దరి తప్పూ లేదు. అరవకండి. టీవీ కట్టేసి కాస్త నిదానంగా మాట్లాడండి.

ప్రశ్న అడిగినవారు:
పిల్లల్ని కూడా తీసుకెళ్లొచ్చా?

జవాబు 1:
మొదటిసారి వద్దండి. పిల్లలు ఎదురుగా ఉంటే పెంపకం మీద సలహాలు మొదలవుతాయి. ఎన్నింటికి బయల్దేరతారో మాత్రం వెళ్లగానే చెప్పేయండి. చివర్లో హఠాత్తుగా లేస్తే అమ్మ మనసు చివుక్కుమంటుంది.